మెరీనాకు చోటు వెతికే చదువు ఉద్యోగం ఇస్తుందా?

ప్రశ్న: కాకినాడలో బీటెక్ సివిల్ మూడో సంవత్సరం చదువుతున్నాను. జీఐఎస్‌తో (కంప్యూటర్‌లో మ్యాపులను విశ్లేషించే పద్ధతి) మెరీనాలకు అనువైన తీరప్రాంతాలను గుర్తించడం మీద ప్రాజెక్టు చేయాలని ఉంది. ఈ రంగంలో ఉద్యోగాలు ఉంటాయా? నాన్నగారు మాత్రం ఇవన్నీ వదిలేసి జావా కోర్సులో చేరమంటున్నారు.

జవాబు: మీ నాన్నగారి భయంలో న్యాయం ఉంది. మెరీనా అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేది చెన్నై బీచ్. మీరు చెబుతున్న మెరీనా, అంటే యాట్‌లు, చిన్న పడవలు కట్టేసుకునే రేవు, మన దేశంలో బహు అరుదు. కొచ్చిలో బోల్గాట్టి దగ్గర ఒకటి ఉంది. ఆ పేరుతో ఉద్యోగ ప్రకటనల కోసం ఎదురుచూస్తే నిరాశే మిగులుతుంది. అయినా ఈ ప్రాజెక్టు వదలొద్దనే చెబుతాను. మెరీనాకు చోటు చూడటం వచ్చినవారికి చేపలరేవుకు, జెట్టీకి, ఓడరేవుకు చూడటమూ వస్తుంది. ఆ పని మన తీరంలో ఇప్పుడు నిండుగా ఉంది. జువ్వలదిన్నె, నిజాంపట్నం, మచిలీపట్నం, మీ పక్కనే ఉప్పాడలో ఫిషింగ్ హార్బర్లు, రామాయపట్నం, మూలపేటల్లో ఓడరేవులు తలపెట్టారు.

జీఐఎస్ పనికి వాడే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ ఉచితం. మనసుపెడితే మూడు నెలల్లో చేతికి వస్తుంది. తీరాన్ని చదవడం మాత్రం అంత త్వరగా రాదు. మీకు జీతం ఇచ్చేది ఆ రెండోదే.

మీ ఊరినే తీసుకోండి. జీఐఎస్‌లో ఒక్కో విషయానికి ఒక్కో మ్యాపు పొర ఉంటుంది. అలల పొర ఒక్కటే తెరిచి చూస్తే కాకినాడ అఖాతానికి మించిన చోటు కనిపించదు. హోప్ ఐలాండ్ అడ్డుగా నిలిచి సముద్రపు తాకిడిని ఆపుతుంది. మెరీనాకు కావలసింది ఈ ప్రశాంతతే. లోపల అల ఓ అడుగు ఎత్తు లేచినా కట్టేసిన పడవలు ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి. ఇప్పుడు రెండో పొర వేయండి. హోప్ ఐలాండ్ రాతి దీవి కాదు. గోదావరి తెచ్చిన ఇసుక ఉత్తరానికి జరుగుతూ, సుమారు రెండు వందల ఏళ్లలో పోగైన పదహారు కిలోమీటర్ల దిబ్బ. దాని వెనక నీళ్లు కదలవు కాబట్టి బురద పేరుకుంటుంది, లోతు తగ్గుతుంది. తవ్వుతూనే ఉండాలి. మూడో పొర కోరింగ మడ అడవులు. 2019 తీర నియంత్రణ నోటిఫికేషన్ ప్రకారం మడ అడవులు సీఆర్‌జడ్-1ఏ అనే అత్యంత సున్నితమైన తీర వర్గం కిందికి వస్తాయి. అక్కడ మామూలుగా కట్టడాలకు తావులేదు. మొదటి పొరలో నెగ్గిన చోటు తర్వాతి రెండింటిలో ఓడిపోయింది.

విద్యార్థులు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. ఏహెచ్‌పీ పద్ధతిలో (అంశాలను జతలుగా పోల్చి ఏది ఎంత ముఖ్యమో తేల్చే పద్ధతి) అన్ని పొరలకూ మార్కులు వేసి కలిపేస్తారు. మడ అడవికి సున్నా ఇచ్చినా, రోడ్డు దగ్గరుందని, లోతు బాగుందని వచ్చిన మార్కులు ఆ సున్నాను కప్పేస్తాయి. మ్యాపులో ఆ చోటు అనువైనదన్నట్టు పచ్చగా వెలుగుతుంది. చట్టం కూడదన్న చోటును మార్కుల లెక్కలోకే తీసుకురాకండి, ముందే కత్తిరించి పక్కన పెట్టండి. మిగిలిన చోట్లకే మార్కులు. ఏహెచ్‌పీలో పోలికల పొందికను చూపే కన్సిస్టెన్సీ రేషియో 0.1 లోపు వచ్చిందని సంబరపడొద్దు. మీ పోలికలు ఒకదానితో ఒకటి తగువు పడటం లేదనే దానర్థం, అవి సరైనవని కాదు.

మార్కుల్లో ఇసుక కదలికకు ఎంత ప్రాధాన్యం (వెయిట్) ఇచ్చారని వైవాలో తప్పకుండా అడుగుతారు. ఎక్కువే ఇవ్వండి. మన తూర్పు తీరంలో ఏడాది మొత్తం లెక్క చూస్తే ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. సముద్రంలోకి రాతికట్ట వేస్తే దక్షిణాన మేట, ఉత్తరాన కోత. మద్రాసు హార్బర్ కట్టాక దక్షిణాన ఇసుక మేట వేయడం వల్లే మెరీనా బీచ్ అంత వెడల్పయింది, ఉత్తరాన రాయపురం వైపు తీరం కోసుకుపోయింది. విశాఖలో పోర్టు తవ్విన ఇసుకను ఆర్కే బీచ్ వైపు పోయడం ఏళ్లుగా నడుస్తోంది. మీరు ఎంచిన చోటుకు ఉత్తరాన ఏ ఊరుందో రిపోర్టులో రాయండి. నేను పరీక్షకుడినైతే ముందు ఆ పేజీయే వెతుకుతాను.

కొలత సంగతీ చూసుకోండి. ఉచితంగా దొరికే జెబ్కో అనే ప్రపంచ సముద్ర లోతుల డేటాలో ఒక్కో గడి సుమారు 450 మీటర్లు. చిన్న మెరీనా మొత్తం ఒకే గడిలో ఇమిడిపోతుంది. నాలుగైదు చోట్లను వడపోయడానికే అది పనికొస్తుంది, ఆపైన నౌకాదళం తయారుచేసే హైడ్రోగ్రాఫిక్ (సముద్ర లోతుల) చార్టులు, శబ్దంతో లోతు కొలిచే ఎకో సౌండర్ సర్వే కావాలి. స్కేలు మారితే ఏమవుతుందో మన దేశమే చూసింది. పాత లెక్కలో 7,516 కిలోమీటర్లున్న తీరం, వివరమైన మ్యాపుల మీద కొలిస్తే 11,098 అయింది. ఆంధ్రప్రదేశ్‌ది 974 నుంచి 1,053కు చేరింది.

ఏ శాటిలైట్‌కూ అందని పొర ఒకటుంది. అలివి వల ఎక్కడ లాగుతారు, పడవలు ఎక్కడ ఒడ్డుకు చేరుస్తారు, ఏ నెలలో మొగ (నది సముద్రంలో కలిసే చోటు) పూడుతుంది అన్నవి మత్స్యకారులకే తెలుసు. తెల్లవారుజామున వెళ్లి అడిగి, ఫోన్‌లో జీపీఎస్ పాయింట్లు తీసుకోండి. వాళ్ల బతుకు జరిగే చోటును ఖాళీ స్థలంగా చూపించే మ్యాపు గీయకండి.

చదువు విషయానికొస్తే, 2022 నుంచి గేట్‌లో జియోమాటిక్స్ (భూమిని కొలిచి మ్యాపులు చేసే శాస్త్రం) ఇంజనీరింగ్ పేపరు ఉంది. సివిల్ పేపరు రాసినా దారి మూసుకుపోదు. తీరం వైపు ఇష్టముంటే ఐఐటీ మద్రాస్ ఓషన్ ఇంజనీరింగ్, ఎన్‌ఐటీ సూరత్‌కల్ చూడండి. మ్యాపుల వైపైతే డెహ్రాడూన్‌లోని ఇస్రో సంస్థ ఐఐఆర్‌ఎస్, జేఎన్‌టీయూ హైదరాబాద్, ఆంధ్రా యూనివర్సిటీ ఉన్నాయి. నన్నడిగితే మొదటి దారే ఎంచుకోమంటాను. సివిల్ పునాది ఉన్న మీకు అలలు, ఇసుక నేర్పే చదువు దొరికితే, మ్యాపు పని మీరే నేర్చుకోగలరు. హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార సేవలు), ఎన్‌ఆర్‌ఎస్‌సీ (ఇస్రో రిమోట్ సెన్సింగ్ కేంద్రం), చెన్నైలో ఎన్‌ఐఓటీ (సముద్ర సాంకేతికత), ఎన్‌సీసీఆర్ (తీర పరిశోధన), పుణేలో సీడబ్ల్యూపీఆర్‌ఎస్ (నీటి, విద్యుత్ పరిశోధన) ఈ పనులు చేసే సంస్థలు. ఇంటర్న్‌షిప్ కోసం వాటి వెబ్‌సైట్లు ఇప్పటినుంచే గమనిస్తూ ఉండండి.

నాన్నగారితో వాదనకు దిగొద్దు. కోడింగ్ నేర్చుకుంటానని చెప్పండి, కాకపోతే జావా బదులు పైథాన్. ఉపగ్రహ చిత్రాలను విశ్లేషించే గూగుల్ ఎర్త్ ఇంజిన్‌లో, క్యూజీఐఎస్‌లో మీకు రోజూ పనికొచ్చేది అదే, రేపు సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లాల్సొచ్చినా వృథా పోదు. ఈ ఆదివారమే 1990 నాటి ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రం ఒకటి, ఈ ఏటిది ఒకటి దింపుకుని ఉప్పాడ తీరరేఖను రెండు రంగుల్లో గీయండి. ఆ రెండు గీతల మధ్య దూరం, అంటే తీరం ఎంత జరిగిందో కొలిచి ఆయనకు చూపించండి.