పాత చీరలు కాదండీ, చీపుర్లు పంపండి

ప్రశ్న: మేడమ్, మాది కూకట్‌పల్లిలో ఒక పెద్ద అపార్ట్‌మెంట్. విజయవాడ వరదలప్పుడు అందరం బట్టలు పోగేసి ట్రాలీ ఆటో నిండా పంపాం, సగం రోడ్డు పక్కనే పడున్నాయని తర్వాత తెలిసింది. ఇంకోసారి ఎక్కడైనా ఇలా జరిగితే ఏం పంపాలో చెప్తారా?
– ఒక గృహిణి, హైదరాబాద్

జవాబు: మీరొక్కరే కాదమ్మా, ఆ వారం రెండు రాష్ట్రాల్లో అందరి బీరువాలూ ఖాళీ అయ్యాయనుకుంటా. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మీద పడింది కదా, మా పిన్ని వాళ్ళిల్లు అక్కడే, లోపలి సందులో మేడ మీద. సాయం తెచ్చిన బండ్లన్నీ సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దగ్గరే ఆగిపోయేవి, అక్కడ నిలబడ్డోళ్ళకి నాలుగేసి ప్యాకెట్లు, నడుంలోతు నీళ్ళల్లో రాలేని ముసలాళ్ళకి ఏమీ లేదు, డ్రోన్లతో కూడా వేశారు గానీ అవి ఎన్నిళ్ళకి సరిపోతాయి చెప్పండి. మా పిన్ని రెండ్రోజులు పక్కింటోళ్ళిచ్చిన మరమరాలు తిని ఉంది.

అందుకని ఫస్ట్ ఏం పంపాలి అని కాదు, లోపలికి ఎవరు తీసుకెళ్తారు అని అడగండి. ఆ పేటలోనే ఉండే ఒక మనిషిని ఫోన్‌లో పట్టుకుని, ఏ సందులో ఎంతమంది ఉన్నారు, చంటిపిల్లలెంతమంది, షుగర్ మాత్రలు అయిపోయినోళ్ళెవరు అని రాసుకుని అప్పుడు బండి కదిలించండి. నీళ్ళున్నన్ని రోజులూ తాగే నీళ్ళు, పాలు, బిస్కెట్లు, కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు, ఛార్జ్ చేసిన పవర్‌బ్యాంకులు, ఆడపిల్లలకి ప్యాడ్‌లు (ఇవి అడగడానికి సిగ్గుపడతారు, అడక్కుండానే పెట్టండి).

అసలు కష్టం నీళ్ళు పోయాక మొదలవుద్ది, అప్పటికి టీవీ వాళ్ళూ ఉండరు, దాతలూ ఉండరు. పిన్ని కింది వాటాలో ఫ్రిజ్ వెల్లకిలా పడుంది, పరుపు నీళ్ళు పీల్చి నలుగురు పట్టినా లేవలేదు, బియ్యం డ్రమ్ము తెరిస్తే ఆ వాసనకి బయటికి పరిగెత్తాం. ఫైరింజన్లు వచ్చి వీధులూ ఇళ్ళూ కడిగాయి గానీ మూలమూలనా ఇరుక్కున్న బురద మనమే తియ్యాలిగా. ఆ రోజు చుట్టుపక్కల షాపులన్నీ మునిగి ఒక్క చీపురు దొరకలేదంటే నమ్ముతారా! పార, తట్ట, వైపర్, బ్లీచింగ్, ఫినాయిల్, రబ్బరు బూట్లు, చేతి గ్లౌజులు, కప్పుకోడానికి బరకం, కొత్త లుంగీలు, నైటీలు, లోదుస్తులు, దుప్పట్లు, ఒక గ్యాస్ పొయ్యి. ఇవి నాలుగో రోజుకో ఐదో రోజుకో చేరినా చాలు, లేటయిందని ఎవరూ తిట్టరు. ఇంకోమాట, తడిసిన ఫ్రిజ్, మోటారు ఎలక్ట్రీషియన్ చూడకుండా స్విచ్ వెయ్యొద్దని కూడా చెప్పండి.

ప్రశ్న: అక్కా, మేం అద్దెకి గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉంటాం, ఆధార్ వేరే ఊరి అడ్రస్‌తో ఉంది. పోయినసారి వరద నష్టం సర్వే వాళ్ళొచ్చినప్పుడు మేం మా అత్తగారింట్లో ఉన్నాం, లిస్టులో పేరు రాలేదు. మళ్ళీ ఇలా జరిగితే ఏం చెయ్యాలి?
– ఒక సోదరి, విజయవాడ

జవాబు: నీలాంటోళ్ళు చాలామంది నష్టపోయారమ్మా. అప్పుడు ప్రభుత్వం మునిగిన గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్ళకి 25 వేలు, పై అంతస్తులకి 10 వేలు ఇచ్చింది, చిన్న డబ్బేం కాదు. ఇల్లు ఖాళీ చేసి వెళ్ళేటప్పుడు పక్కింటోళ్ళకి ఫోన్ నంబర్ ఇచ్చి సర్వే వాళ్ళొస్తే కబురు చెయ్యమను. తిరిగొచ్చాక బురద కడిగే ముందే గోడ మీద నీటి గీత కనపడేలా, ఇంటి నంబర్ పడేలా ఫోటోలు తీసుకో, అందరూ కడిగేసి తర్వాత ఫోటోల్లేవని ఏడుస్తారు. ఓనర్ పేరున్న కరెంటు బిల్లు, అద్దె ఫోన్‌పేలో పంపిన స్క్రీన్‌షాట్లు, పక్కింటోళ్ళ మాట, ఇవన్నీ పట్టుకుని వార్డు సచివాలయానికి వెళ్ళు. అక్కడ కాదంటే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ తీసుకుంటారు, రసీదు ఇవ్వందే కదలకు. ముంపులో ఉన్నప్పుడైతే జిల్లా కంట్రోల్ రూమ్ 1077, రాష్ట్రానిది 1070, ఇప్పుడే సేవ్ చేసుకో.

ప్రశ్న: మా కుర్రాళ్ళం వండి పంపుదామనుకుంటున్నాం, సాంబారన్నం ఓకేనా?
– గుంటూరు యూత్

జవాబు: వద్దు నాయనా! పొద్దున వండిన సాంబారన్నం పడవలో తిరిగి తిరిగి సాయంత్రానికి చేరేసరికి పులిసిపోద్ది, పెరుగన్నం ఇంకా డేంజర్. చింతపండు పులిహోర చెయ్యండి, అన్నం బాగా ఆరాకే కట్టండి, వేడిగా కడితే చెమ్మ పట్టుద్ది. ఎన్నింటికి వండారో ప్యాకెట్ మీద స్కెచ్ పెన్‌తో రాయండి, చివరి సందులో తినేవాళ్ళకి తెలియాలి కదా.