‘సరిపోతుంది’ అన్న షాపువాళ్లే ఇప్పుడు తప్పు మాదంటున్నారు

ప్రశ్న: కంప్యూటర్‌లో గేమ్‌ల కోసం కొత్త గ్రాఫిక్స్ కార్డు కొనేముందు, నా పాత 450 వాట్ల పవర్ సప్లై (కంప్యూటర్‌కు కరెంటు అందించే యూనిట్) సరిపోతుందా అని హైదరాబాద్‌లోని ఒక షాపును వాట్సాప్‌లో అడిగాను. ‘సరిపోతుంది అన్నా, టెన్షన్ పడకండి’ అన్నారు. రూ.45 వేలకు కార్డు అమ్మి, వాళ్లే బిగించారు. గేమ్ పెట్టగానే సిస్టమ్ ఆఫ్ అయ్యేది. పదో రోజు కాలిన వాసన వచ్చి పూర్తిగా ఆగిపోయింది. ఇప్పుడేమో తప్పు మీ సప్లైది, అమ్మిన సరుకు వాపసు లేదని బిల్లులోనే ఉంది అంటున్నారు. కేసు వేయవచ్చా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: వేయవచ్చు. మీకు బలం ఆ వాట్సాప్ మెసేజే. ఎవరినీ అడగకుండా మీరే కొని బిగించుకుని ఉంటే ఈ మాట ఇంత ధైర్యంగా చెప్పేవాణ్ని కాదు.

మీరు పంపిన ఫోటోలు చూశాను. కార్డు 220 వాట్లు తీసుకుంటుందని, 650 వాట్ల సప్లై ఉండాలని పెట్టె మీదే ఉంది. కార్డుకు కరెంటు ఇచ్చే 8 పిన్ కేబుళ్లు రెండు కావాలి, మీ సప్లైలో ఒకటే ఉంది. రెండోదాన్ని హార్డ్‌డిస్కులకు వాడే మోలెక్స్ వైరుకు కన్వర్టర్ తగిలించి లాగారు. 8 పిన్ కేబుల్ 150 వాట్ల కోసం ఉద్దేశించింది. మోలెక్స్ వైరు అంత భారానికి చేసింది కాదు. పని తెలిసిన మెకానిక్ చేయాల్సింది కాదది. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం ఇది సేవాలోపం. మీ ఫిర్యాదు వాళ్ల సలహా మీద, బిగింపు మీద కాబట్టి ‘వాపసు లేదు’ అన్న అచ్చు వాక్యం వాళ్లను కాపాడదు.

దయచేసి ఆ కన్వర్టర్ పీకేయకండి, కొత్త సప్లై పెట్టి మీరే ప్రయత్నించకండి. ఉన్నది ఉన్నట్టు వీడియో తీసి, వేరే సర్వీస్ సెంటర్‌లో చూపించండి. కార్డు పోయిందా, సప్లై ఒక్కటే పోయిందా అన్నది వాళ్లు సంతకంతో రాసివ్వాలి. మీరు అడగాల్సిన పరిహారం దాన్నిబట్టే ఉంటుంది. కార్డు కంపెనీ వారంటీ నిరాకరిస్తే ఆ కారణం కూడా రాతపూర్వకంగా తీసుకోండి.

తర్వాత 15 రోజుల గడువుతో షాపుకు స్పీడ్ పోస్టులో నోటీసు ఇవ్వండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కూ చెప్పండి, చాలా గొడవలు అక్కడే తీరిపోతాయి. తీరకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. షాపు హైదరాబాద్‌లో ఉన్నా, మీరు నివసించే చోటే వేయవచ్చు. కొన్న విలువ 5 లక్షలలోపు కాబట్టి ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు. కార్డును ల్యాబ్‌లో పరీక్షించాలని కమిషన్ అనుకుంటే ఆ ఖర్చు ముందు మిమ్మల్నే కట్టమనవచ్చు.

వాట్సాప్ స్క్రీన్‌షాట్ ఒక్కటే చాలదు. భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కావాల్సిన సర్టిఫికెట్ జతచేయండి, ఆ ఫోను మార్చకండి, చాట్ డిలీట్ చేయకండి. ఫిర్యాదుకు గడువు రెండేళ్లు.