చట్టం రాసేటప్పుడు మమ్మల్ని అడగనక్కర్లేదా?

ప్రశ్న: మాది విజయనగరం జిల్లా సంతకవిటి మండలం. 1981లో ఉపాధ్యాయుడిగా చేరి పదవీ విరమణ చేశాను. శాసనసభ్యుల జీతభత్యాల బిల్లు వచ్చిందంటే అధికారపక్షం, ప్రతిపక్షం ఒక్క మాట మీద నిలబడి నిమిషాల్లో ఆమోదించుకుంటాయి. మా భూమికి, మా పన్నుకు, మా జిల్లాకు సంబంధించిన చట్టాలు రాసేటప్పుడు మాత్రం మమ్మల్ని అడిగే నాథుడు లేడు. పాలకులు తమ లాభం కోసం చేసుకున్న చట్టాన్ని కోర్టు కొట్టివేయదా? ప్రజలను సంప్రదించకుండా చేసిన చట్టం చెల్లుతుందా? ఇటీవల మా గ్రామానికి వర్తించే ఒక ముసాయిదా నిబంధనల నోటీసును మండల కార్యాలయం బోర్డు మీద చూసేసరికి అభ్యంతరాల గడువు దాటి మూడు రోజులైంది. ఇప్పుడు నేనేం చేయాలి?

జవాబు: మాస్టారూ, మీరు అడిగినవి మూడు ప్రశ్నలు. వాటికి జవాబు చెప్పే ముందు ఒక తేడాను గుర్తించాలి. శాసనసభ చేసే చట్టం వేరు, ఆ చట్టం ఇచ్చిన అధికారంతో ప్రభుత్వం చేసే నిబంధనలు, నోటిఫికేషన్లు వేరు. మొదటిది చేసేటప్పుడు మిమ్మల్ని అడిగి తీరాలన్న హక్కు నేటి మన న్యాయంలో లేదు. రెండోది చేసేటప్పుడు చాలా సందర్భాల్లో ఉంది. న్యాయవాదిగా నా దగ్గరికి వచ్చేవారిలో ఎక్కువమంది హక్కు లేనిచోట పోట్లాడి, హక్కు ఉన్నచోట గడువు దాటాక వస్తారు. మీరు మూడు రోజులే ఆలస్యంగా వచ్చారు కనుక ఆ జాబితాలో చివరివారు.

ముందుగా జీతభత్యాల సంగతి. రాష్ట్ర శాసనసభ్యుల జీతభత్యాలను ఆ రాష్ట్ర శాసనసభే చట్టం ద్వారా నిర్ణయించుకోవచ్చునని రాజ్యాంగంలోని 195వ అధికరణం చెబుతోంది. పార్లమెంటు సభ్యులకు 106వ అధికరణం అదే వెసులుబాటు ఇచ్చింది. కాబట్టి తమ జీతం తామే పెంచుకున్నారన్న కారణంతో మాత్రమే ఆ చట్టాన్ని రాజ్యాంగ విరుద్ధమని ప్రకటించమని అడగలేము. మాజీ పార్లమెంటు సభ్యుల పింఛన్లను ప్రశ్నిస్తూ దాఖలైన పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2018లో కొట్టివేస్తూ, అది పార్లమెంటు తేల్చుకోవలసిన విషయమని తేల్చి చెప్పింది. అదే ఏడాది ఫైనాన్స్ చట్టం ద్వారా ఎంపీల జీతాన్ని ధరల సూచీకి ముడిపెట్టి, అయిదేళ్లకు ఒకసారి దానంతట అదే పెరిగే ఏర్పాటు చేశారు. ఆ ప్రకారం 2025 మార్చిలో వెలువడిన నోటిఫికేషన్‌తో నెల జీతం లక్ష నుంచి 1,24,000 రూపాయలకు పెరిగింది. అదీ 2023 ఏప్రిల్ 1 నుంచి వర్తించేలా. అంటే మీరు తప్పుబట్టిన ఆ నిమిషాల చర్చ కూడా ఇప్పుడు అవసరం లేదు. అమెరికాలో శాసనకర్తల జీతంలో చేసిన మార్పు మధ్యలో ఒక ఎన్నిక జరిగాకే అమల్లోకి రావాలన్న సవరణ ఉంది. దాన్ని ప్రతిపాదించింది 1789లో, అది ఆమోదం పొందింది 1992లో. సొంత చేతిని తానే కట్టుకోవడానికి ఏ దేశపు శాసనకర్తకైనా తొందర ఉండదని ఆ రెండు తేదీలను బట్టి తెలుస్తుంది.

ఇక పాలకుల ఉద్దేశం. ఈ విషయంలో న్యాయసూత్రం మన రాష్ట్రపు కేసులోనే స్థిరపడింది. మీరు ఉద్యోగంలో చేరిన రెండేళ్లకు, 1983లో, రాష్ట్ర ప్రభుత్వం ఉద్యోగుల పదవీ విరమణ వయసును 58 నుంచి 55కు తగ్గించి వేలమందిని ఒక్కసారిగా ఇంటికి పంపిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. మీ సీనియర్లలో కొందరు ఆ దెబ్బ తిన్నవారే అయి ఉండాలి. దాని మీద వెళ్లిన కె. నాగరాజ్ కేసులో సుప్రీంకోర్టు 1985లో ఇచ్చిన తీర్పు ఏమిటంటే, ఒక అధికారికి దురుద్దేశం అంటగట్టవచ్చు గాని, ఒక శాసనసభ మొత్తానికి దురుద్దేశం అంటగట్టి దాని చట్టాన్ని రద్దు చేయమని అడగడం కుదరదు. చట్టం చేసే అధికారం ఆ సభకు ఉందా, ఆ చట్టం ప్రాథమిక హక్కులను గాని రాజ్యాంగంలోని మరే నిబంధనను గాని దెబ్బతీసిందా అన్న రెండు విషయాలనే కోర్టు చూస్తుంది. ఎందుకు చేశారన్నది మన ఆవేదన. ఏం చేసిందన్నదే కోర్టుకు కావలసిన ప్రశ్న.

అయితే స్వప్రయోజనం కోసం రాసిన చట్టం సాధారణంగా ఎవరో ఒకరి హక్కును తొక్కుకుంటూనే పోతుంది గనుక, హక్కులను దెబ్బతీసిందా అన్న ప్రశ్న దగ్గరే పట్టుబడుతుంది. ఎన్నికల్లో పోటీచేసే అభ్యర్థి తన ఆస్తులు, అప్పులు, క్రిమినల్ కేసులు, చదువు వెల్లడించాలని సుప్రీంకోర్టు 2002 మే 2న ఆదేశించింది. ఎప్పుడూ ఒకరి ముఖం ఒకరు చూడని పార్టీలన్నీ అప్పుడు ఏకమై, ముందు ఆర్డినెన్సు, ఆపై ప్రజాప్రాతినిధ్య చట్టానికి సవరణ తెచ్చి, కోర్టు ఏమి చెప్పినా సరే చట్టంలో లేని వివరాన్ని అభ్యర్థి ఇవ్వనక్కర్లేదని 33బి అనే కొత్త సెక్షన్ రాసుకున్నాయి. 2003 మార్చి 13న సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను కొట్టివేసింది. శాసనకర్తల స్వార్థం అన్న మాట మీద ఆ తీర్పు నిలబడలేదు. అభ్యర్థి గురించి తెలుసుకోవడం ఓటరు భావప్రకటనా స్వేచ్ఛలో భాగమన్న కారణం మీద నిలబడింది. ఇవాళ రిటర్నింగ్ అధికారి కార్యాలయంలో గోడకు అంటించిన అఫిడవిట్‌లో అభ్యర్థి బంగారం ఎన్ని గ్రాములో మీరు చదవగలుగుతున్నది ఆ తీర్పు వల్లనే.

అన్నిసార్లూ అలా జరుగుతుందని అనుకోవద్దు. ఇద్దరికంటే ఎక్కువమంది పిల్లలున్నవారు సర్పంచిగా పోటీ చేయరాదని మన 1994 పంచాయతీరాజ్ చట్టంలో ఉండేది. 2024లో సవరించే దాకా మన పల్లెల్లో ఎందరి నామినేషన్లో దానితో తిరస్కరణకు గురయ్యాయి. ఆ నిబంధన రాసిన శాసనసభ్యులకు మాత్రం అటువంటి అనర్హత లేదు. హర్యానాలో ఇలాంటి నిబంధన మీదే వెళ్లిన జావేద్ కేసులో, ఎమ్మెల్యేలకు లేని నియమం సర్పంచికి ఎందుకన్న వాదనను సుప్రీంకోర్టు 2003లో అంగీకరించలేదు. ఆ తీర్పులోని తర్కం నాకు ఏనాడూ రుచించలేదు గాని, క్లయింటుకు సలహా ఇవ్వవలసింది ఉన్న తీర్పును బట్టే కదా.

రెండో ప్రశ్నకు వస్తే, సంప్రదించలేదన్న ఒక్క కారణంతో శాసనసభ చేసిన చట్టం చెల్లకుండా పోదు. సభా కార్యక్రమాల్లో విధానపరమైన లోపం ఉందన్న కారణంతో కోర్టులు ప్రశ్నించరాదని 212వ అధికరణం అడ్డు నిలుస్తుంది. దక్షిణాఫ్రికా రాజ్యాంగం శాసన ప్రక్రియలో ప్రజలకు భాగం కల్పించడం సభల బాధ్యత అని రాసింది కనుకనే, అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం 2006లో ప్రజలను సరిగ్గా వినలేదని కొన్ని చట్టాలను కొట్టివేయగలిగింది. మన రాజ్యాంగంలో ఆ వాక్యం లేదు. ఉన్నది 2014 ఫిబ్రవరిలో కేంద్ర న్యాయశాఖ అన్ని కేంద్ర శాఖలకు పంపిన ఒక విధాన నిర్ణయం. బిల్లు ముసాయిదాను కనీసం 30 రోజులు ప్రజల ముందు ఉంచాలని, దానివల్ల హక్కులపైన, పర్యావరణంపైన, బతుకుతెరువుపైన పడే ప్రభావాన్ని వివరించాలని, వచ్చిన అభిప్రాయాల సారాంశాన్ని ప్రచురించాలని అందులో ఉంది. కాని అది చట్టం కాదు, కుదరకపోతే కారణం రాసుకుని ముందుకు పోవచ్చునని అందులోనే మినహాయింపు ఉంది, పైగా రాష్ట్ర ప్రభుత్వాలకు అది వర్తించదు.

దీనివల్ల ఒక విచిత్రమైన పరిస్థితి ఏర్పడింది. ఒక థర్మల్ కేంద్రానికి పర్యావరణ అనుమతి ఇవ్వాలంటే 2006 నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణ జరిపి తీరాలి. సోంపేట బీల (చిత్తడి) భూముల్లో తలపెట్టిన థర్మల్ కేంద్రం విషయంలో ఆ సేకరణ జరిగిన తీరుకూ ఆ తర్వాతి పరిణామాలకూ మన ప్రాంతమే సాక్షి: 2010 జూలై 14న పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయిన రోజునే పర్యావరణ అప్పీలు ప్రాధికార సంస్థ ఆ అనుమతిని రద్దు చేసింది. అంటే వినడం తప్పనిసరి అయినచోట వినకపోతే నిలదీసే వేదిక ఒకటి ఉంది. కాని భూసేకరణ చట్టంలో బాధితులను ముందుగా వినాలని చెప్పే సామాజిక ప్రభావ అంచనా నుంచి కొన్ని రకాల ప్రాజెక్టులకు మినహాయింపునిస్తూ మన రాష్ట్రం 2018లో సవరణ తెచ్చినప్పుడు, ఆ సవరణ గురించి ఆ బాధితులను ముందుగా అడగవలసిన చట్టబద్ధమైన బాధ్యత ఎవరికీ లేదు.

ఇక్కడ మా వృత్తి గురించి కూడా ఒక మాట ఒప్పుకోవాలి. 2022లో శాసనసభ ఆమోదించి, 2023 అక్టోబరు 31 నుంచి అమల్లోకి తెచ్చిన భూ యాజమాన్య హక్కుల చట్టం మీద రాష్ట్రమంతటా న్యాయవాదులు వారాల తరబడి విధులు బహిష్కరించారు. జిల్లా కోర్టు ముందు వేసిన టెంటు కింద నేనూ కూర్చున్నాను. హక్కుల వివాదాలను సివిల్ కోర్టు నుంచి తప్పించి అధికారి చేతికి ఇవ్వడం ప్రమాదమని అప్పుడూ నమ్మాను, ఇప్పుడూ నమ్ముతున్నాను. 2024లో ఆ చట్టం రద్దయింది కూడా. కాని సివిల్ దావాలు పోతే మా బల్ల మీద ఫైళ్లు పోతాయన్న భయం ఆ టెంటు కింద లేదని చెబితే అబద్ధమవుతుంది. అంతకంటే పెద్ద లోపం, బిల్లు సభ ముందున్న రోజుల్లో మాలో దాన్ని చదివినవారు వేళ్ల మీద లెక్కపెట్టదగినంత మంది మాత్రమే. బిల్లు దశలో మీ శాసనసభ్యుడికి, శాసనమండలి సభ్యుడికి, సభలోని పిటిషన్ల కమిటీకి రాతపూర్వకంగా పంపే విజ్ఞాపనకు చట్టపరమైన బలం తక్కువే, అయినా అది చేరేది అప్పుడే.

ఇప్పుడు హక్కు ఉన్నచోటికి వద్దాం. నిబంధనలు చేసే అధికారాన్ని ఇచ్చిన మూల చట్టంలో “ముందస్తు ప్రచురణ తరువాత” నిబంధనలు చేయాలనో, అభ్యంతరాలు, సలహాలు ఆహ్వానించాలనో ఉంటే, అది ప్రభుత్వం దయతో చేసే పని కాదు. కేంద్ర చట్టాల కింద చేసే నిబంధనలకైతే 1897 జనరల్ క్లాజెస్ చట్టం 23వ సెక్షన్ పద్ధతి చెబుతుంది: ముసాయిదా ప్రచురించాలి, ఏ తేదీ తర్వాత పరిశీలిస్తారో చెప్పాలి, ఆ తేదీలోగా అందిన ప్రతి అభ్యంతరాన్నీ పరిశీలించాలి. రాష్ట్ర చట్టమైతే ఆ చట్టంలోనే వెతకాలి. మీకు బాగా తెలిసిన ఉదాహరణ 1974 జిల్లాల ఏర్పాటు చట్టం. దాని 3వ సెక్షన్ ప్రకారం 2022 జనవరిలో ముసాయిదా ఇచ్చి, 30 రోజులు అభ్యంతరాలు తీసుకుని, ఏప్రిల్ 4 నుంచి కొత్త జిల్లాలను అమల్లోకి తెచ్చారు.

ఆ ఫిబ్రవరిలో, అప్పటికి శ్రీకాకుళం (సిక్కోలు) జిల్లాలో ఉన్న మీ మండలం నుంచి కొందరు నా దగ్గరికి అభ్యంతర పత్రాలు దిద్దించుకోవడానికి వచ్చారు. ఒక పత్రం మీద ఎనభై సంతకాలు, పాతిక వేలిముద్రలు ఉన్నాయి. విషయం మాత్రం “మేము సిక్కోలు వాళ్లం, సిక్కోలులోనే ఉంటాం” అన్న ఒక్క వాక్యం. రెండోది ఒకే ఒక రైతు నోటుబుక్కు చించి రాసిన కాగితం. ఊరి నుంచి రెండు కలెక్టరు కార్యాలయాలకూ ఎన్ని బస్సులు మారాలో, చార్జీ ఎంతో, శ్రీకాకుళం కోర్టులో నడుస్తున్న తన దావా నంబరుతో సహా రాశాడు. మొదటిది చదివి నా గుండె కదిలింది, కాని నేను దిద్దకుండా పంపమన్నది రెండోదాన్ని. పరిశీలించడం అంటే ఒప్పుకోవడం కాదు. మీ మండలం చివరకు విజయనగరం జిల్లాలోనే చేరింది. కాని లెక్కలు, నంబర్లు ఉన్న అభ్యంతరాన్ని అసలు పరిశీలించలేదని కోర్టులో చూపడం తేలిక. ఒక భావావేశాన్ని పరిశీలించలేదని చూపడం కష్టం.

ప్రచురణ లోపాన్ని కోర్టులు ఎంత పట్టుదలగా చూస్తాయో చెప్పడానికి ఒక అల్లం వ్యాపారి కేసు చాలు. గుజరాత్ మార్కెట్ చట్టం ప్రకారం కొత్త సరుకును నియంత్రణలోకి తెచ్చే నోటిఫికేషన్‌ను గుజరాతీ పత్రికలో కూడా ప్రచురించాలి. అల్లాన్ని చేర్చిన నోటిఫికేషన్ గెజిట్‌లో వచ్చింది గాని గుజరాతీ పత్రికలో రాలేదు. లైసెన్సు లేకుండా అల్లం కొన్నాడని గోధ్రాలో ఒక వ్యాపారి మీద కేసు పెడితే, స్థానిక భాషలో ప్రచురణ తప్పనిసరి అని, అది లేని నోటిఫికేషన్ చెల్లదని సుప్రీంకోర్టు 1975లో తీర్పు చెప్పి అతన్ని విడిచిపెట్టింది.

మీ నోటీసు సంగతి. గడువు దాటిన అభ్యంతరాన్ని పరిశీలించి తీరాలన్న బాధ్యత వారికి లేదు, అయినా తుది నోటిఫికేషన్ రాకముందే స్పీడ్ పోస్టులో, అందినట్టు రుజువు (ప్రూఫ్ ఆఫ్ డెలివరీ) కోరుతూ పంపండి. నోటీసు ఆలస్యంగా అంటించారన్న మాటను మొదటి పేరాలోనే రాయండి. ఆపైన సమాచార హక్కు చట్టం కింద ఆ నోటీసు మండల కార్యాలయానికి చేరిన తేదీ, బోర్డు మీద అంటించిన తేదీ, గ్రామంలో దండోరా వేయించారా, ఎన్ని అభ్యంతరాలు అందాయి అన్న వివరాలు అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి, ఇవ్వకపోతే మొదటి అప్పీలు వేయండి. ప్రజలపై ప్రభావం చూపే విధానాలు రూపొందించేటప్పుడు సంబంధిత విషయాలన్నీ ప్రచురించాలని ఆ చట్టం 4(1)(సి) సెక్షన్ చెబుతోంది కనుక, దాన్ని కూడా దరఖాస్తులో ఉదహరించండి. మూల చట్టం ఇన్ని రోజులు గడువు ఇవ్వాలని చెప్పి, మీ బోర్డు మీద అది చివరి రోజుల్లో మాత్రమే కనిపించి ఉంటే హైకోర్టులో రిట్ వేయడానికి గట్టి ఆధారం ఉన్నట్టే. మూల చట్టంలో అటువంటి షరతు లేకపోతే ఆ ఖర్చు మీకు చెప్పను.

అంతవరకు ఒక పని చేయండి. ఎవరూ నోటీసును చింపకముందే, కింద అంటించిన తేదీ, దాని పక్కన అధికారి పొట్టి సంతకం ఉన్నాయో లేవో కనబడేలా ఫోనులో ఫొటో తీసి, మూల చట్టం పేరు, సెక్షన్ నంబరుతో పాటు నాకు పంపండి.