సమాధానం: సెలైన్ ఎక్కిస్తే మరణాలు పెరగడమేంటి?

షాక్‌లో ఉన్న (అంటే ఒంట్లో రక్తప్రసరణ పడిపోయిన) బిడ్డకి సెలైన్ గబగబా ఎక్కించమని పుస్తకం చెబుతోంది, ఆఫ్రికా ట్రయల్ వద్దంటోంది, సెమినార్‌లో ఏది చెప్పాలని కదా మీ ప్రశ్న. రెండూ చెప్పండి, కానీ ఏ వార్డుకి ఏదో విడదీసి చెప్పండి.

మీరంటున్నది 2011లో వచ్చిన ఫీస్ట్ ట్రయల్. కెన్యా, ఉగాండా, టాంజానియాల్లో 3,141 మంది పిల్లలు. 48 గంటల్లో చనిపోయింది బోలస్ (ఒకేసారి గబగబా ఎక్కించే ద్రవం) ఇచ్చినవాళ్లలో సుమారు 10.5 శాతం, ఇవ్వనివాళ్లలో 7.3. మొదటిసారి చదివినప్పుడు అంకెలు తారుమారయ్యాయేమో అనుకున్నాను!

ఆ పిల్లల్లో సగానికి పైగా మలేరియా, చాలామందికి తీవ్ర రక్తహీనత. వెంటిలేటర్లు, ఐసీయూ లేవు. ట్రయల్ మాట ఇలాంటి వార్డుకి. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరి పోయుంటారని అందరం అనుకున్నాం. తర్వాతి విశ్లేషణలో ఎక్కువగా కనిపించింది రక్తప్రసరణ కుప్పకూలడం. ఒక్క జాగ్రత్త: విరేచనాలతో నీరు పోయిన పిల్లల్ని ఈ ట్రయల్‌లో చేర్చలేదు. వాళ్లకి సెలైన్ ఆపమని దీనర్థం కాదు. సెమినార్లలో జనం బోల్తా పడేది ఇక్కడే.

పెద్దల ఉదాహరణ కావాలంటే జాంబియా, లుసాకా, 2017: సెప్సిస్‌తో (ఇన్ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతినడం) బీపీ పడిపోయినవాళ్లలో, త్వరగా ఎక్కువ సెలైన్ ఎక్కించే ప్రోటోకాల్ ప్రకారం చేస్తే 48.1 శాతం, మామూలు వైద్యంలో 33 శాతం మరణాలు. ఎక్కువమంది హెచ్ఐవీ ఉన్నవాళ్లు.

స్లైడ్‌లో బాటిల్ బొమ్మ బదులు బిడ్డ బొటనవేలు పెట్టండి: గోరు నొక్కి వదిలితే ఎరుపు తిరిగిరావడానికి ఎన్ని సెకన్లు? పక్కనే శ్వాస వేగం, కాలేయం అంచు ఎంత కిందికి దిగిందో. బోలస్ మొదలెట్టాక మళ్లీ మళ్లీ చూడాల్సినవి అవే.