నాలుగో పేజీలోనే తోకచుక్కల వానా?

చిరంజీవికి,

నీ కథ రాత్రే చదివాను. మూడో పేజీలో సూర్యుడి పక్కనుంచి ఇంకో నక్షత్రం వెళ్లిందో లేదో, నాలుగో పేజీకల్లా భూమి మీద తోకచుక్కలు కురిసేశాయి. అక్కడ నాకు చిర్రెత్తుకొచ్చింది.

తోకచుక్కలు పుట్టలుగా ఉండే ఊర్ట్ మేఘం, అదే సౌరకుటుంబం చుట్టూ ఉన్న మంచు ముద్దల గుంపు, ఎక్కడుందో చూశావా? భూమికీ సూర్యుడికీ మధ్య దూరానికి వేల రెట్ల నుంచి లక్ష రెట్ల దాకా. భూమి సెకనుకు 30 కిలోమీటర్లు పరిగెడుతుంటే, అక్కడి తోకచుక్క వంద, రెండొందల మీటర్ల చొప్పున నింపాదిగా కదులుతుంటుంది. సూర్యుడి పట్టు అంత పలచన. అందుకే అటుగా పోయే నక్షత్రం ఢీకొట్టక్కర్లేదు, ఆ వేగాన్ని కాస్త అటూ ఇటూ చేస్తే చాలు. 70 వేల ఏళ్ల కిందట షోల్జ్ నక్షత్రం సుమారు 0.8 కాంతి సంవత్సరాల దూరం నుంచి వెళ్లింది. అది కదిపిన తోకచుక్కలేవైనా ఉంటే ఇక్కడికి చేరడానికి 20 లక్షల ఏళ్ల దాకా పడుతుంది. నీకేమో పేజీ తిప్పేలోపే కావాలి!

ఆలస్యమే ఇక్కడ కథ. ఇది ఎవరికీ పట్టదు. నెప్ట్యూన్‌కు ఆవల తిరిగే చిన్న మంచు గోళం సెడ్నా మీద నేను రాసిన వ్యాసానికి ఒక సంపాదకుడు 'భూమికి గండం' అని పేరు పెట్టాడు. అది సూర్యుడికి అతి దగ్గరగా వచ్చినప్పుడు కూడా భూమి కంటే 76 రెట్ల దూరంలో ఉంటుంది మహాప్రభో అంటే, "గండం లేకపోతే ఎవరు చదువుతారండీ?" అన్నాడు. ఆ పత్రికకు మళ్లీ రాయలేదు. అసలు విడ్డూరం అతనికి కనిపించనే లేదు: 30 రెట్ల దూరంలో ఉన్న నెప్ట్యూన్ ప్రభావం అంత దూరం అందదు, మరి సెడ్నాను అక్కడికి లాగిందెవరు? సూర్యుడు పుట్టిన గుంపులోనే ఉన్న మరో నక్షత్రం కావచ్చని చాలామంది అనుమానం. ఆ రోజుల్లో నక్షత్రాలు దగ్గరదగ్గరగా ఉండేవి, ఒకదాని పక్కనుంచి ఒకటి మెల్లగా వెళ్లేవి. మెల్లగా వెళ్లేదే ఎక్కువసేపు లాగుతుంది.

నీ నక్షత్రమేమో మెరుపులా వెళ్లిపోయింది, పైగా సూర్యుణ్ణి వదిలేసి తోకచుక్కల్నే లాగింది. రెండింటినీ లాగుతుందయ్యా, ఆ లాగుడులో తేడాయే దారి మార్చేది.

కలం పేరు గురించి, ఏ పత్రికకు పంపాలనే దాని గురించి అడిగావు. వాటికి తొందరేం లేదు. వ్యోమగామి తల్లి మాట్లాడే ఘట్టం బాగుంది, దాన్ని ముట్టుకోకు.

తర్వాతి కథ సూర్యుడి వైపు వస్తున్న గ్లీజ 710 నక్షత్రం మీద అన్నావుగా. షోల్జ్ సెకనుకు 80 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో పోతే, ఇది 14 కిలోమీటర్ల చొప్పునే వస్తోంది, బరువూ ఎక్కువే. మన దగ్గరికి రావడానికి ఇంకో 13 లక్షల ఏళ్లు పడుతుంది. ముందు ఈ లెక్కలు పక్కన పెట్టుకుని కూర్చో, చిత్తుప్రతి పంపు.