కోబాల్ట్ ఆక్సైడ్ మీద పీహెచ్‌డీ అంటోంది, ఒప్పుకోవచ్చా?

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. మా అమ్మాయి ఎం.ఎస్సీ. ఫిజిక్స్ పూర్తి చేసి జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవారికి నెలనెలా డబ్బిచ్చే ఫెలోషిప్) సాధించింది. ఎక్స్‌రే స్పెక్ట్రోస్కోపీతో కోబాల్ట్ ఆక్సైడ్లలో స్పిన్ స్థితి ఎలా మారుతుందో పరిశోధిస్తానంటోంది. డేటా సైన్స్ కోర్సు చేయిస్తే ఆరు నెలల్లో ఉద్యోగం ఖాయమని బంధువులు అంటున్నారు. పెళ్లి వయసు కూడా దాటిపోతుందేమో. రెండింటినీ పోల్చి చెప్పండి.
– ఒక తండ్రి

జవాబు: సబ్జెక్టు పేరు మార్చి ఇదే ఉత్తరం నాకు ఎన్నోసార్లు వచ్చింది. అందులో అడిగేది ఉద్యోగం గురించే అయినా, అడగలేకపోయిన ప్రశ్న వేరే ఉంటుంది: “అమ్మాయి ఏం చదువుతోందని నలుగురూ అడిగితే ఏమని చెప్పుకోవాలి?” అందుకే ముందు ఆ చదువేమిటో చెబుతాను.

లాంథనం కోబాల్ట్ ఆక్సైడ్ అనే నల్లటి పదార్థం ఉంది. అందులోని ఒక్కో కోబాల్ట్ అయాన్‌లో ఆరు ఎలక్ట్రాన్లకు అయిదు గదులు: కింద మూడు, పైన రెండు. బాగా చల్లబరిస్తే ఆరూ జంటలుగా కింది గదుల్లోనే సర్దుకుంటాయి. ఎలక్ట్రాన్‌ను చిన్న అయస్కాంతంలా చేసే గుణమే స్పిన్. జంటలో ఒకదాని స్పిన్‌ను రెండోది రద్దు చేస్తుంది కనుక అయాన్‌కు అయస్కాంత గుణం ఉండదు. వేడి చేస్తూ పోతే కొన్ని అయాన్లలో ఎలక్ట్రాన్లు పై గదులకు ఎక్కుతాయి. సుమారు 100 కెల్విన్ దగ్గరికి, అంటే సున్నాకు 173 డిగ్రీల సెల్సియస్ దిగువకు వచ్చేసరికే ఆ మార్పు స్పష్టంగా తెలుస్తుంది. అయితే పైకి ఎక్కేది ఒకటా, రెండా? దీనిమీద శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా వాదించుకుంటున్నారు. ఒకటేనని 1996లో ఒక సిద్ధాంతం వచ్చింది. దీన్ని తేల్చడానికే ఎక్స్‌రే స్పెక్ట్రోస్కోపీ: సుమారు 780 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉన్న ఎక్స్‌రే కోబాల్ట్ లోపలి పొరలోని ఎలక్ట్రాన్‌ను లేపి, ఆ అయిదు గదుల్లో ఖాళీ ఉన్నచోటికి పంపుతుంది. ఏ గదులు ఖాళీగా ఉన్నాయన్న దాన్ని బట్టి గ్రాఫులో శిఖరాల ఆకారం మారుతుంది. 2006లో ఆ ఆకారాలను చదివినవారు, ఏదీ ఎక్కని అయాన్లూ రెండేసి ఎక్కినవీ కలిసే ఉన్నాయని చూపారు. వాదన ఇంకా పూర్తిగా తెగలేదు. మీ అమ్మాయి అడుగు పెడతానంటున్నది అక్కడికి.

ఈ చిక్కును 1950లలోనే పట్టుకున్నవారిలో అమెరికా శాస్త్రవేత్త జాన్ గుడెనఫ్ ఒకరు. 1980లో లిథియం కోబాల్ట్ ఆక్సైడ్ బ్యాటరీకి పనికొస్తుందని చూపిందీ ఆయన బృందమే. మన ఫోన్లలో చాలావాటి బ్యాటరీల్లో ఇప్పటికీ ఉన్నది ఆ పదార్థమే. బ్యాటరీల మీద చేసిన కృషికి 2019లో 97వ ఏట నోబెల్ అందుకున్నారు. మన రసాయన శాస్త్రవేత్త సి.ఎన్.ఆర్. రావు కూడా 1972లో సహచరులతో కలిసి లాంథనం కోబాల్ట్ ఆక్సైడ్ మీద పరిశోధన ప్రచురించారు. బంధువులు అడిగితే ఈ మాట తలెత్తుకుని చెప్పండి.

ఇక డేటా సైన్స్. ఆ రంగాన్ని నేను తప్పుపట్టను, దాన్ని అమ్ముతున్న తీరు చూస్తే బాధ కలుగుతోంది. అమీర్‌పేటలో ఏ గోడ చూసినా ‘ఉద్యోగం గ్యారంటీ’ అన్న ప్రకటనే. ఫీజు కట్టి, సర్టిఫికెట్ తీసుకుని, నెలల తరబడి ఇంటర్వ్యూలు తిరిగి నా దగ్గరకు వచ్చిన పిల్లల ముఖాలు నాకు తెలుసు. వాళ్లకు పరికరం వాడటం నేర్పారు. లెక్క ఎందుకు అలా వచ్చిందని అడిగితే చెప్పగల పునాది వేయలేదు. పైగా ఆ పరికరాలు ఏటా మారిపోతున్నాయి. మీ అమ్మాయికి గణితం పునాది ఉంది. స్పెక్ట్రమ్‌లో, అంటే ఆ ఎక్స్‌రే గ్రాఫులో, నిజమైన సంకేతాన్ని రొద నుంచి వేరు చేయడానికి ఆమె ఎలాగూ ప్రోగ్రాములు రాయాలి, అది కూడా తన చేతులతో కొలిచిన డేటా మీద. అయిదేళ్ల తర్వాత డేటా ఉద్యోగమే కావాలనుకుంటే ఆ దారి మూసుకుపోదు. ఇవాళ జేఆర్‌ఎఫ్ వదులుకుంటే రేపు మళ్లీ దొరుకుతుందన్న హామీ మాత్రం లేదు.

ఇలాంటి పనే చేస్తున్న ఒక అబ్బాయి నన్ను కలవడానికి వచ్చినప్పుడు అతని గోళ్ల సందుల్లో నల్లటి పొడి ఉంది. లాంథనం ఆక్సైడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుందట. ముందుగా కొలిమిలో కాల్చకుండా తూచినందుకు పాళ్లు తప్పి, నెల రోజులు నూరి కాల్చిన పదార్థమంతా పారబోశానని చెప్పాడు. “ఇప్పుడు ఏది తూచినా ముందు అనుమానిస్తున్నానండీ” అన్నాడు. కంచన్‌బాగ్‌లోని డీఎంఆర్‌ఎల్, బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ వంటి పదార్థాల పరిశోధనశాలలున్న ఊరు మనది. ఆ అలవాటున్న చేతులకు ఇక్కడ విలువ ఉంది.

కష్టాలు దాచను. పీహెచ్‌డీకి అయిదారేళ్లు పడుతుంది. ఫెలోషిప్ మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం అదనం. అది ముగిశాక కూడా శాశ్వత అధ్యాపక ఉద్యోగం వెంటనే రాకపోవచ్చు, విదేశాల్లో రెండు మూడేళ్లు పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాతి తాత్కాలిక పరిశోధన ఉద్యోగం) చేయాల్సి రావచ్చు. జీతం ఒక్కటే చూస్తే మొదటి అయిదేళ్లు సాఫ్ట్‌వేర్‌లో కుదురుకున్నవారిదే పైచేయి. మీరడిగిన పోలికలో జీతం సంగతి ఇంతే.

పెళ్లి గురించి మాత్రం కటువుగానే చెబుతాను. ఆ భయాన్ని ఉద్యోగం పేరుతో ఆమె మీద రుద్దకండి. మీరు నాకు రాసిన ఉత్తరంలో ఆమె ఎందుకు ఈ పని కావాలంటోందో ఒక్క వాక్యం కూడా లేదు. జేఆర్‌ఎఫ్ సాధించిన పిల్లను కూర్చోబెట్టి “ఏమిటమ్మా ఆ కోబాల్ట్ సంగతి?” అని ఒక్కసారైనా అడిగారా? ఈ వారమే అడగండి. కాగితం మీద ఆ అయిదు గదులూ గీసి చూపించమనండి.

చేరే ముందు ఆమె గైడ్‌ను రెండు విషయాలు అడగాలి. ఆయన దగ్గర పీహెచ్‌డీ పూర్తి చేసినవారు ఎన్నేళ్లు తీసుకున్నారు, ఇప్పుడు ఎక్కడున్నారు? బలమైన ఎక్స్‌రేలను పుట్టించే ఇండోర్‌లోని ఇండస్-2 సింక్రోట్రాన్ యంత్రం దగ్గర గానీ విదేశాల్లో గానీ ఆ ల్యాబ్ విద్యార్థులకు ప్రయోగ సమయం దొరుకుతోందా? అక్కడ కేటాయించిన కొద్ది రోజుల్లో రాత్రీ పగలూ కొలవాలి, ఆ అవకాశమే రాకపోతే థీసిస్ ఏళ్లకేళ్లు ఆగుతుంది. గైడ్ జవాబు తడబడితే ల్యాబ్ మార్చుకోమనండి, సబ్జెక్టు మార్చుకోవద్దు.