ఏటి ఈత నుంచి 1650 గజాల పోటీకి

ప్రశ్న: మాది శ్రీకాకుళం. నాగావళిలో ఈత నేర్చుకున్నాను. అమెరికా వచ్చి రెండేళ్లయింది, వయసు 38. మాస్టర్స్ క్లబ్బులో (పెద్దవాళ్ల ఈత క్లబ్బు) చేరి మొన్న 1650 గజాల ఫ్రీస్టైల్ పోటీలో దిగితే 31 నిమిషాలు పట్టింది. మొదటి 500 గజాలు 8 నిమిషాల 30 సెకన్లలో ఈదాను. చివరి 500కు 10 నిమిషాల 15 సెకన్లు పట్టింది. దమ్ము పెరగాలంటే రోజూ ఇంకా ఎక్కువ దూరం ఈదాలా? బరువులు ఎత్తాలా?

జవాబు: మీ సమస్య దమ్ము కాదండీ, తొందర. మీ అంకెలే ఆ సంగతి చెబుతున్నాయి. వంద గజాలకు 1:42 చొప్పున మొదలుపెట్టి, చివరికి 2:03కు జారిపోయారు. మొత్తం పోటీ సగటు 1:53. మొదటి నుంచీ ఆ సగటు దగ్గరే ఉండి ఉంటే చివర్లో వేగం పెంచడానికి ఓపిక మిగిలేది. నీటి నిరోధం వేగంతో పాటు నెమ్మదిగా పెరగదు. వేగం వర్గానికి (స్క్వేర్‌కు) తగ్గట్టు పెరుగుతుంది. మొదట్లో వందకు కొట్టేసిన ఆ పదకొండు సెకన్లకు తర్వాత వడ్డీతో సహా కట్టవలసిందే.

మన వైపు వాళ్లకు కండబలం మీద గురి ఎక్కువ. కోడి రామమూర్తి గారు పుట్టిన నేల, 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన కరణం మల్లేశ్వరి పెరిగిన జిల్లా. ఆ గురి ఉండదా మరి! భుజాలు దెబ్బతినకుండా కాస్త వ్యాయామం చేయండి. కానీ దూరపు ఈతలో బలం కంటే శరీరం నీటిలో ఎలా పడుకుని ఉందన్నదే ముఖ్యం.

ఏట్లో ఈదేటప్పుడు తల పైకెత్తి ఈదుతాం. ఒడ్డు ఎక్కడుందో, ప్రవాహం ఎటు లాగుతోందో చూసుకోవాలి కాబట్టి అక్కడ అదే సరైన పద్ధతి. పూల్‌లో తల లేస్తే నడుము, కాళ్లు కిందికి దిగిపోతాయి, ఒళ్లంతా నీటికి అడ్డుపడుతుంది. చూపు అడుగున ఉన్న నల్లగీత మీద ఉంచండి. గాలి పీల్చేటప్పుడు తల ఎత్తకుండా పక్కకు తిప్పండి, ఒక కన్ను నీళ్లలోనే ఉండాలి. ముఖం నీళ్లలో ఉన్నంతసేపూ గాలి వదులుతూనే ఉండండి. ఊపిరి బిగబడితే కలిగే ఆ ఉక్కిరిబిక్కిరి చాలావరకు కార్బన్ డయాక్సైడ్ పేరుకోవడం వల్ల వచ్చేదే, ప్రాణవాయువు చాలక కాదు. కాళ్లు మరీ ఎక్కువగా కొట్టకండి. తొడ కండరాలు పెద్దవి, ఓపికంతా అవే తినేస్తాయి.

ఇక గోడలు. నాగావళికి గోడల్లేవు, అందుకే మనకు ఈ విద్య రాదు. 25 గజాల పూల్‌లో 1650 గజాలంటే 66 ల్యాపులు, 65 మలుపులు. మలుపుకు అర సెకను మిగిలినా మొత్తం మీద అర నిమిషం దాటుతుంది. ఒక్క కండ కూడా పెంచకుండా వచ్చే లాభం ఇది! ఫ్లిప్ టర్న్ (గోడ దగ్గర నీళ్లలో పల్టీ కొట్టి తిరగడం) తప్పనిసరి కాదు, ఫ్రీస్టైల్‌లో శరీరంలో ఏదో ఒక భాగం గోడకు తగిలితే చాలు. చేత్తో తాకి తిరిగినా సరే, గోడను తన్నాక మాత్రం చేతులు చెవుల పక్కన బిగించి తిన్నగా సాగండి. చాలామంది అక్కడే వెంటనే చేతులు ఆడించి, ఉచితంగా వచ్చిన వేగాన్ని పాడుచేసుకుంటారు.

మీ అసలు వేగం తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. ఒంట్లో అలసట లేని రోజున 400 గజాలు గట్టిగా ఈదండి, బాగా విశ్రాంతి తీసుకుని 200 ఈదండి. ఉదాహరణకు 7:00, 3:20 వచ్చాయనుకుందాం. తేడా 220 సెకన్లు, అంటే వందకు 1:50. ఇది మీరు చాలాసేపు నిలబెట్టుకోగల వేగానికి దగ్గరి అంచనా. వారానికి ఒకసారి ఆ వేగంతో వంద గజాల చొప్పున పదిసార్లు ఈదండి, ఒక్కో వందకూ మధ్యలో 15 సెకన్ల విరామం. మొదటి వందకూ పదో వందకూ రెండు సెకన్లకు మించి తేడా ఉండకూడదు. మొదటిది 1:44లో కొట్టి మురిసిపోతే ఆ రోజు సాధన దండగ. గోడ మీది పేస్ క్లాక్ (సెకన్లు చూపే పెద్ద గడియారం) చూడటం అలవాటు చేసుకోండి. దూరం పెంచాలంటే నెమ్మదిగా పెంచండి. ఈ వయసులో ముందు మొరాయించేది భుజమే.

లేన్‌లో కుడివైపున ఈదాలని మీకీపాటికి తెలిసే ఉంటుంది. ముందున్నవారిని దాటాలంటే కాలి వేళ్లను మెల్లగా తాకితే చాలు, వాళ్లు గోడ దగ్గర ఆగి దారిస్తారు. తెల్లవారుజామున సాధన ఉంటే అరటిపండు చాలు. చోడి (రాగి) అంబలి మంచిదే, కానీ ఈత అయ్యాక.

మన ఊళ్లో ముప్పై దాటినవాడు ఈత పోటీకి వెళ్తానంటే నవ్వుతారు. ఇక్కడ 1970లో టెక్సాస్‌లోని అమరిల్లోలో మొదటి జాతీయ మాస్టర్స్ పోటీలు పెట్టుకున్నారు. ఇప్పుడు ఎనభై దాటినవారు కూడా పక్క లేన్‌లో కనిపిస్తారు. అయిదేళ్లకొక వయోవర్గం కాబట్టి మీరిప్పుడు 35-39లో ఉన్నారు. గజాల పోటీల్లో పోటీ చివరి రోజునాటి వయసు లెక్క, మీటర్ల పోటీల్లో ఆ ఏడాది డిసెంబరు 31 నాటి వయసు. నలభై వస్తోందని దిగులుపడేవాళ్లు ఇక్కడ లేరు, కొత్త వర్గంలో తామే చిన్నవాళ్లమని సంబరపడతారు.

ప్రవేశపత్రంలో నిజమైన సమయమే రాయండి. గొప్పకు 28 నిమిషాలని రాస్తే మీకంటే వేగవంతుల పక్కన పడతారు, వాళ్లను చూసి మళ్లీ మొదట్లోనే పరుగు మొదలుపెడతారు. ల్యాపులు లెక్కపెట్టడానికి మనిషిని మీరే తెచ్చుకోవలసి రావచ్చు. అవతలి గోడ దగ్గర అంకెల పలకను నీళ్లలో ముంచి చూపించడమే ఆ మనిషి పని. పలక మీద బేసి అంకెలే ఉంటాయి, చివరి ల్యాపుకు రంగు పలక చూపిస్తారు. ఇంట్లోవారితోనో స్నేహితుడితోనో ముందుగా ఒకసారి సాధన చేయించండి. ఫోను చూస్తూ ఒక అంకె తప్పించే మనిషైతే మాత్రం వద్దు.